భీమిలికి ఒక్కరోజు ట్రిప్: సాయంత్రం దాకా ఫోన్ బతికుండాలంటే ఏం చేయాలి?

మే నెల, మధ్యాహ్నం 12:40. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల మధ్యలో ఉన్నా. వీడియో తీస్తుంటే స్క్రీన్ మసకబారింది, తర్వాత థర్మామీటర్ బొమ్మ వచ్చింది, రెండు నిమిషాల్లో ఫోన్ ఆగిపోయింది. అప్పటికి బ్యాటరీ ఇంకా 31 శాతం ఉంది.

ఫోన్ ఆగితే ఏముంది, కాసేపు ఫొటోలు ఆగుతాయి అనుకోవచ్చు. కానీ ఆ టైంలో నాన్న నా పక్కన లేరు. "నువ్వు తీసుకుంటూ ఉండరా, నేను అటు చూసొస్తా" అని ఒక గల్లీలోకి వెళ్లారు. ఆ దిబ్బల మధ్య దారులన్నీ ఒకేలా ఉంటాయి, రెండు మలుపులు తిరిగితే ఎటు నుంచి వచ్చామో తెలీదు. నాన్నకి షుగర్. నీళ్ల బాటిల్ నా బ్యాగులో ఉంది.

అక్కడున్న ఒకతన్ని ఫోన్ అడిగి తీసుకున్నా. డయల్ ప్యాడ్ ఓపెన్ చేశాక అర్థమైంది, నాన్న నంబర్ నాకు రాదు. పదేళ్లుగా "నాన్న" అనే పేరు మీద నొక్కడమే తప్ప ఆ పది అంకెలు ఎప్పుడూ చూడలేదు. అరగంట పైనే వెతికితే ఒక చెట్టు నీడన కూర్చుని కనిపించారు. మొహం వాడిపోయింది. "పదిసార్లు చేశానురా, స్విచ్చాఫ్ అంటోంది" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే మర్నాడు పోస్ట్‌మార్టం రాస్తాం. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి. ఈ ఆర్టికల్ ఆ ట్రిప్‌కి నేను రాసుకున్న పోస్ట్‌మార్టం అనుకోండి. మనం మ్యాప్, పర్సు, కెమెరా, టార్చ్, కాంటాక్ట్స్ అన్నీ ఒకే డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని మే నెల ఎండలోకి తీసుకెళ్తున్నాం. సాఫ్ట్‌వేర్ భాషలో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. అది ఒక్కటి పోతే అన్నీ పోతాయి.

ముందు ఊరి గురించి, దిక్కుల గురించి

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీద సుమారు 25-30 కిలోమీటర్లు వెళ్తే భీమునిపట్నం, మనందరి నోట్లో భీమిలి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది ఇక్కడే బంగాళాఖాతంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్ వాళ్లు వ్యాపారానికి వచ్చి స్థిరపడిన ఊరు ఇది. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయింది. దారిలో రుషికొండ బీచ్, తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, ఆ తర్వాత భీమిలికి కొంచెం ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. కారు, బైక్ లేకపోయినా పర్లేదు, సిటీ బస్సు 900కె భీమిలి వెళ్తుంది.

నేను చేసిన మొదటి తప్పు ప్లాన్‌లోనే ఉంది. పొద్దున తీరిగ్గా లేచి, సాయంత్రానికి భీమిలి చేరి, సముద్రంలో మునిగే సూర్యుడి ముందు నాన్నకి ఫొటో తీయాలనుకున్నా. గోవా రీల్స్ చూసి చూసి వచ్చిన ఐడియా అది. మనది తూర్పు తీరం కదా! ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు.

కాబట్టి సరైన వరస ఇది. తెల్లవారకముందే బయల్దేరి ముందు భీమిలి చేరండి. సూర్యోదయం వేసవిలో 5:30 లోపే అయిపోతుంది, జనవరిలో 6:30 దాకా ఆగుతుంది. సూర్యోదయం, లైట్‌హౌస్, డచ్ సమాధులు అయ్యాక ఎండ ముదరకముందే వెనక్కి వస్తూ ఎర్రమట్టి దిబ్బలు చూసేయండి. మధ్యాహ్నం నీడలో భోజనం, విశ్రాంతి. సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తొట్లకొండ. అప్పుడు సూర్యుడు మీ వీపు వైపు ఉంటాడు, వెలుగు నేరుగా సముద్రం మీద, తీరం మీద పడుతుంది. కొండ మీద నుంచి ఫొటోలకి ఇదే మంచి టైం. ఈ వరసలో వెళ్తే మీకు మంచి వెలుగు దొరుకుతుంది, ఫోన్‌కి చల్లటి గంటలు దొరుకుతాయి.

ముందు రోజు రాత్రి చేయాల్సిన పనులు

మొదటిది ఆఫ్‌లైన్ మ్యాప్. చాలామంది నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనుకుంటారు. అది తప్పు. జీపీఎస్ అంటే శాటిలైట్ల సిగ్నల్ వినే రిసీవర్ మాత్రమే. దానికి సిమ్ కూడా అక్కర్లేదు. నెట్ ఉంటే మొదటి లొకేషన్ త్వరగా దొరుకుతుంది, అంతే తేడా. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకి. గూగుల్ మ్యాప్స్‌లో విశాఖ నుంచి భీమిలి దాకా ఏరియా సెలెక్ట్ చేసి ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆఫ్‌లైన్‌లో డ్రైవింగ్ రూట్ వస్తుంది కానీ బస్సు టైమింగ్స్, లైవ్ ట్రాఫిక్ రావు. దిబ్బల్లాంటి చోటకి దిగే ముందు బండి పెట్టిన చోట ఒక పిన్ వేసి సేవ్ చేసుకోండి. నేను ఈ ఒక్క పిన్ వేసి, నాన్న ఫోన్‌కి పంపి ఉంటే ఆయనే నడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చేసేవారు.

రెండోది పవర్ బ్యాంక్ లెక్క. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ మీ 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని రెండుసార్లు నింపదు. ఆ 10,000 అంకె లోపలి సెల్ వోల్టేజ్ దగ్గర, అంటే సుమారు 3.7 వోల్టుల దగ్గర చెప్పింది. గుణిస్తే 37 వాట్ అవర్స్. దాన్ని 5 లేదా 9 వోల్టులకి మార్చేటప్పుడు కొంత, కేబుల్‌లో కొంత, ఫోన్ లోపల కొంత వేడి రూపంలో పోతుంది. ఒకటిన్నర సార్లు వస్తే బాగా వచ్చినట్టే. పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ కెపాసిటీ చూడండి, నిజం అక్కడ ఉంటుంది.

మూడోది పెన్ను, కాగితం. నవ్వకండి. ఇంట్లో వాళ్ల నంబర్లు రెండు ఒక చీటీ మీద రాసి, ఒకటి మీ జేబులో, ఒకటి పెద్దవాళ్ల జేబులో పెట్టండి.

బీచ్‌లో: ఉప్పు, ఇసుక

"నాది ఐపీ68 ఫోన్, సముద్రంలో ముంచినా ఏం కాదు" అనే ఫ్రెండ్ ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. ఐపీ68లో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 8 అంటే కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంత సేపు నీళ్లలో ఉంచి పరీక్షించారని. ఆ పరీక్ష ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద జరుగుతుంది. కొట్టే అలలు, ఉప్పునీళ్లు, రెండేళ్లు వాడి రెండుసార్లు కింద పడేసిన ఫోన్ ఆ పరీక్షలో లేవు. నీళ్లు పోయి పాడైతే చాలా కంపెనీలు వారంటీ కూడా ఇవ్వవు.

ఉప్పునీళ్లతో అసలు సమస్య పోర్ట్ దగ్గర. ఉప్పునీళ్లు కరెంట్‌ని బాగా పోనిస్తాయి. తడిగా ఉన్న యూఎస్‌బీ-సీ పోర్ట్‌లో చార్జర్ పెడితే పిన్నుల మధ్య కరెంట్ పారి లోహం తినేస్తుంది. పోర్ట్‌లో తడి ఉందని ఫోన్ వార్నింగ్ ఇస్తే దాన్ని పక్కకి నెట్టేసి చార్జింగ్ పెట్టకండి. వాటర్ రెసిస్టెన్స్ ఉన్న ఫోన్ అయితే మంచినీళ్లతో మెల్లగా కడిగి, తుడిచి, పోర్ట్ కిందకి ఉండేలా పట్టుకుని చేతికి మెల్లగా తట్టండి. తర్వాత గాలి తగిలే చోట పెట్టండి. రేటింగ్ లేని ఫోన్ అయితే కడగొద్దు, వెంటనే స్విచ్చాఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. బియ్యం డబ్బాలో పెట్టడం రెండిటికీ వద్దు. దాని పొడి పోర్ట్‌లోకి పోవడం తప్ప లాభం లేదు.

ఇసుక సంగతి మన రివ్యూలు చదివేవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఫోన్ గ్లాస్ మీద మోస్ స్కేల్‌లో 6 దగ్గర గీతలు మొదలై 7 దగ్గర లోతుగా పడతాయని చూస్తుంటాం కదా. మామూలు బీచ్ ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్‌జ్ గట్టిదనం 7. పైగా భీమిలి తీరపు ఇసుకలో గార్నెట్, ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలు ఉన్నాయి. అక్కడక్కడా కనిపించే నల్ల చారలు అవే. గార్నెట్ కూడా క్వార్ట్‌జ్ అంత గట్టిది. అంటే ఇసుక అంటుకున్న చేత్తో లెన్స్ తుడిస్తే సాండ్‌పేపర్‌తో తుడిచినట్టే. ముందు ఊదండి, తర్వాత రెండు చుక్కలు మంచినీళ్లు, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. ఫొటోలు మసకగా, పొగ కమ్మినట్టు వస్తుంటే కెమెరాని తిట్టే ముందు లెన్స్ చూడండి. సముద్రపు గాలిలో ఉండే ఉప్పు తుంపర గంటలోపే పల్చటి పొరలా పేరుకుంటుంది.

ఎండలో ఫోన్ ఎందుకు పడుకుంటుంది?

ఇప్పుడు నా పోస్ట్‌మార్టంలో అసలు భాగం. యాపిల్ తన ఐఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమంటుంది. మిగతా కంపెనీల లెక్క కూడా దాదాపు అదే. మే నెలలో విశాఖ తీరం నీడలోనే ఆ అంచుకి చేరుతుంది. ఎండలో పెట్టిన నల్ల గ్లాసు సంగతి చెప్పక్కర్లేదు.

ఫోన్‌కి ఫ్యాన్ ఉండదు. లోపల పుట్టిన వేడి బాడీ గుండా బయటి గాలిలోకి పోవాలి. బయటి గాలి ఎంత వేడిగా ఉంటే అంత నెమ్మదిగా పోతుంది. ఆ రోజు నేను పుట్టించిన వేడి లిస్ట్ చూడండి. కారులో అద్దం ముందు హోల్డర్‌లో పెట్టి, నేరుగా ఎండ పడుతుండగా నావిగేషన్ నడిపా. అదే టైంలో ఫాస్ట్ చార్జింగ్. దిగాక ఫుల్ బ్రైట్‌నెస్ మీద 4కే 60 ఎఫ్‌పీఎస్ వీడియో. దిబ్బల్లో సిగ్నల్ తక్కువగా ఉంది, సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు మోడెమ్ టవర్‌ని అందుకోవడానికి ఎక్కువ పవర్ వాడుతుంది. వీటన్నిటి మీద మందపాటి కేసు. విడివిడిగా ఏదీ ఫోన్‌ని ఆపేది కాదు, అన్నీ కలిసి ఆపేశాయి.

ఫోన్ మాత్రం ఒక్కసారిగా ఆగలేదు, ముందే చెప్తూ వచ్చింది. మొదట స్క్రీన్ బ్రైట్‌నెస్ తనంతట తానే తగ్గించుకుంది. తర్వాత ప్రాసెసర్ స్పీడ్ తగ్గి వీడియో తడబడింది. ఆ తర్వాత ఫ్లాష్ పనిచేయలేదు. చివరికి బ్యాటరీని, చిప్‌ని కాపాడుకోవడానికి మూసేసుకుంది. స్క్రీన్ మసకబారితే నేను బ్రైట్‌నెస్ స్లైడర్ పైకి లాగుతూ కూర్చున్నా. ఆ మసకే మొదటి వార్నింగ్ అని అప్పుడు తెలీదు.

మరి ఏం చేయాలి? కారులో ఫోన్‌ని ఏసీ గాలి తగిలే చోట పెట్టండి, అద్దం ముందు వద్దు. చార్జింగ్ నీడలో, ఫోన్ వాడనప్పుడు పెట్టండి. ఎండలో వీడియో 30 ఎఫ్‌పీఎస్‌లో, చిన్న చిన్న ముక్కలుగా తీయండి. సిగ్నల్ లేని చోట ఒంటరిగా ఉంటే ఫ్లైట్ మోడ్ మంచిదే, జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది. కానీ మనతో వచ్చినవాళ్లు విడిపోయి తిరుగుతుంటే ఫ్లైట్ మోడ్ వద్దు. వేడెక్కిన ఫోన్ కేసు తీసి నీడలో, గాలికి పెట్టండి. కూల్‌డ్రింక్ బాటిల్‌కి ఆనించడం, ఐస్ బాక్స్‌లో పెట్టడం చేయకండి. ఒక్కసారిగా చల్లబడితే లోపల తేమ చుక్కలు కడుతుంది.

ఇంకో చిన్న విషయం. ఎండలో స్క్రీన్ అసలే కనపడట్లేదు అనిపిస్తే కూలింగ్ గ్లాసెస్ తీసి చూడండి. పోలరైజ్డ్ అద్దాలైతే ఫోన్‌ని ఒక కోణంలో పట్టుకున్నప్పుడు స్క్రీన్ నల్లగా కనిపిస్తుంది.

దిబ్బల ఎరుపు ఫొటోలో ఎందుకు రాదు?

ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్ర మట్టం మార్పులు కలిసి తయారుచేసిన ఇసుక మేటలు. రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పూత వల్ల ఆ రంగు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. కంటికి అంత ఎర్రగా కనిపించేవి ఫొటోలో ఒక్కోసారి గోధుమ రంగులోకి వెళ్తాయి. కారణం ఆటో వైట్ బ్యాలెన్స్. ఫ్రేమ్ నిండా ఒకే రంగు ఉంటే, అది లైటింగ్ వల్ల వచ్చిన రంగేమో అనుకుని కెమెరా దాన్ని తగ్గించేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ 5,200-5,500 కెల్విన్ దగ్గర లాక్ చేయండి. లేదా ఫ్రేమ్‌లో కొంచెం ఆకాశం, పచ్చటి చెట్టు వచ్చేలా నిలబడండి. ఎక్స్‌పోజర్ కాస్త కిందకి లాగితే రంగు చిక్కబడుతుంది.

దీనికన్నా ముఖ్యం టైం. మధ్యాహ్నం వెలుగు నిట్టనిలువుగా పడి గల్లీల నీడలన్నీ మాయమవుతాయి, దిబ్బలు చదునుగా కనిపిస్తాయి. ఉదయం ఏటవాలు వెలుగులోనే ఆ గీతలు, లోతులు తెలుస్తాయి. ఒక మనవి, యాంగిల్ కోసం అంచుల మీదకి ఎక్కకండి. అది బండరాయి కాదు, ఇసుక. జారితే మీకూ దెబ్బే, దిబ్బకీ దెబ్బే.

డ్రోన్ ఉన్నవాళ్లకి: విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. భీమిలి రోడ్డు మీదే నేవీ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉంది. డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్లు చూడకుండా డ్రోన్ పైకి లేపకండి.

డబ్బులు, సముద్రం

ఆ రోజు భోజనం బిల్లు నాన్న కట్టారు. పాత తోలు పర్సులోంచి మడత పెట్టిన 500 నోటు తీసి. నా మూడు యూపీఐ యాప్‌లు చచ్చిన ఫోన్‌లో ఉన్నాయి. ఫోన్ బతికుండి నెట్ మాత్రమే లేకపోతే *99# డయల్ చేసి యూపీఐ పేమెంట్ చేయొచ్చు, కాల్ సిగ్నల్ ఉంటే చాలు. కానీ ముందే ఇంట్లో ఒకసారి సెట్ చేసుకుని ఉండాలి. ఫోనే లేకపోతే నోట్లే గతి. మనిషికి 500 చొప్పున విడిగా పెట్టుకోండి.

సముద్రం గురించి సీరియస్‌గా ఒక మాట. విశాఖ తీరంలో లోపలికి లాగే రిప్ కరెంట్లు ఉంటాయి. పైకి చూస్తే అక్కడ అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. సెల్ఫీకి బాగుందని దిగేది సరిగ్గా అక్కడే. అలకి వీపు చూపించి, కళ్లు స్క్రీన్ మీద పెట్టి నిలబడటం అన్నిటికన్నా ప్రమాదం. ప్రవాహం లాగితే దానికి ఎదురు ఈదకుండా తీరానికి సమాంతరంగా ఈదాలి. వెళ్లే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరికలు చూడండి, వాళ్ల సముద్ర యాప్‌లో ఉంటాయి. ఎమర్జెన్సీకి 112.

రెండోసారి

జనవరిలో నాన్నని మళ్లీ తీసుకెళ్లా. తెల్లవారుజామున 5కి బయల్దేరి సూర్యోదయానికి భీమిలి చేరాం. లైట్‌హౌస్ ముందు నాన్న ఫొటో వచ్చింది. మొహం మీద మెత్తటి వెలుగు, ఎలాంటి ఫిల్టర్ అక్కర్లేదు. 9 లోపే దిబ్బలు చూసి బయటపడ్డాం. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఫోన్‌లో 38 శాతం మిగిలింది, పవర్ బ్యాంక్ ఒక్కసారే వాడా. ఫోన్ అదే, ట్రిప్ అదే. మారింది వరస మాత్రమే.

బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి:

- ఆఫ్‌లైన్ మ్యాప్, బండి దగ్గర పిన్
- పవర్ బ్యాంక్, కేబుల్, మెత్తటి గుడ్డ, జిప్ కవర్
- చీటీ మీద రెండు నంబర్లు, మనిషికి 500 నోట్లలో
- ప్రతి ఒక్కరి దగ్గరా విడిగా నీళ్ల బాటిల్
- విడిపోతే కలుసుకోవాల్సిన చోటు, టైం ముందే మాట్లాడుకోవడం

ఇక చివరగా చిన్న టెస్ట్. ఫోన్ పక్కన పెట్టి, మీ ఇంట్లో వాళ్ల నంబర్ ఒకటి చూడకుండా చెప్పండి. రాలేదా? ట్రిప్‌కి ముందు చేయాల్సిన మొదటి అప్‌డేట్ అదే.